తాళం తీసినా ఆగని బండి



అమెరికాలో రోడ్డు పక్కన ఒక పోలీసు కారు ఆగి ఉంది. పైన ఎర్ర దీపాలు, నీలం దీపాలు మెరుస్తున్నాయి. ఇంజను నడుస్తోంది. లోపల మాత్రం ఎవరూ లేరు, స్టీరింగు పక్కన తాళంచెవి కూడా లేదు. అది యాభై గజాల అవతల, ప్రమాదంలో నుజ్జయిన కారు దగ్గర నిలబడ్డ పోలీసు జేబులో ఉంది. తాళం ఆయన దగ్గర, నడుస్తున్న బండి రోడ్డు మీద. ఎవడైనా ఎక్కి తోలుకుపోతే ఏం కావాలి?

ఈ రోజు ఆ కారు వైరింగు గురించి మాట్లాడుకుందాం. తాళం తీసేసినా ఇంజను ఎలా నడుస్తుందన్నది ఒక ప్రశ్న. దొంగ ఎక్కగానే ఎలా ఆగుతుందన్నది ఇంకో ప్రశ్న. నాకు రెండోదే ముఖ్యం. నడిపించే ఏర్పాటు ఏ ఆటో ఎలక్ట్రీషియనయినా ఒక పూటలో చేసిపెడతాడు. ఆపే ఏర్పాటు దగ్గరే పనిమంతుడెవరో తెలుస్తుంది.

ముందు, అసలు ఇంజను ఎందుకు ఆపకూడదు? పోలీసు కారులో కరెంటు తాగే సామాను చాలా ఉంటుంది. పైన దీపాల వరస, వైర్‌లెస్ సెట్టు, లాప్‌టాప్, రాడార్, కెమెరా. ఇవన్నీ కలిసి ఇరవై అయిదు ఆంపియర్లు లాగుతున్నాయనుకుందాం. డెబ్బై ఎనభై ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆ లెక్కన మూడు గంటల్లో పూర్తిగా దిగిపోతుంది. సెల్ఫ్ కొట్టే శక్తి అంతకు చాలా ముందే పోతుంది. అర్ధరాత్రి హైవే మీద ప్రమాదం దగ్గర దీపాలు వేసుకుని నిలబడ్డ కారు తీరా బయల్దేరే వేళకు స్టార్టు కాకపోతే ఎట్లా? అందుకని ఇంజను నడవాలి, ఆల్టర్నేటరు తిరగాలి. మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లో చలికాలం అద్దాల మీద మంచు గడ్డకట్టకుండా హీటరు కూడా ఆడుతూ ఉండాలి. పోలీసు కుక్క ఉన్న కారయితే ఎండాకాలం ఏసీ ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి కార్లలో లోపలి వేడిని కనిపెట్టే అలారాలు పెడతారు. వేడి హద్దు దాటితే కిటికీల అద్దాలు వాటంతటవే దిగుతాయి, సైరను మోగుతుంది.

2017లో ఫోర్డు కంపెనీ పోలీసుల కోసం హైబ్రిడ్ కారును ప్రకటించినప్పుడు ఒక అంచనా చెప్పింది. 8 గంటల డ్యూటీలో పోలీసు కారు దాదాపు 4.9 గంటలు కదలకుండా ఇంజను నడుపుతూనే ఉంటుందట. అంటే సగానికి పైగా కాలం బండి నిలబడే అరుగుతోంది. ఇలాంటి కార్లకు కిలోమీటర్ల మీటరు అబద్ధం చెబుతుంది. అందుకే ఇంజను నడిచిన గంటలు కూడా లెక్కపెట్టి, నిలబడి నడిచిన ప్రతి గంటను 33 మైళ్ల ప్రయాణం కింద, అంటే సుమారు 53 కిలోమీటర్ల కింద, జమకట్టుకోమని ఫోర్డు చెప్పింది. ఆయిలు మార్చే లెక్క దాని మీదే.

తాళం తీసినా ఇంజను నడవడం మన పల్లెల్లో పాత ట్రాక్టరు తోలినవాళ్లకు వింత కాదు. పాతరకం డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా అదిమితే వేడెక్కుతుంది, అందులోకి పంపు చిమ్మిన డీజిలు తనంతట తానే మండుతుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆ పంపు తిరుగుతూనే ఉంటుంది. తాళం పని సెల్ఫ్‌కు, దీపాలకు, మీటర్లకు. తాళంచెవి తీసి మొలకు చెక్కుకుని వెళ్లినా ఇంజను డుగుడుగుమంటూనే ఉంటుంది. ఆపాలంటే స్టాపు నాబు లాగాలి. అప్పుడు డీజిలు బందవుతుంది.

పెట్రోలు ఇంజను అలా కాదు. దానికి క్షణక్షణం నిప్పురవ్వ కావాలి, రవ్వకు కరెంటు కావాలి. ఆ కరెంటు తాళం గుండా వస్తుంది. ఈ కాలపు కారులో పెట్రోలు పంపుకూ, ఇంజక్టర్లకూ, వీటిని నడిపే కంప్యూటరుకూ ఆ తాళమే దిక్కు. తాళం తిప్పేస్తే అన్నీ ఒక్కసారిగా చస్తాయి.

నేను చెప్పబోయే కారు పేరు ఫోర్డు క్రౌన్ విక్టోరియా. 1992 మోడల్ నుంచి 2011 దాకా అమెరికా పోలీసు కారంటే చాలా ఊళ్లలో ఇదే. 4.6 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను. లారీకి ఉన్నట్టు దీనికీ కింద వేరే ఛాసీ, దాని మీద బాడీ. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం, సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో తయారయ్యేది. 2011 సెప్టెంబరులో చివరి బండి బయటికొచ్చాక ఆ ఫ్యాక్టరీనే మూసేశారు. తాళం స్టీరింగు కాలమ్‌కు కుడివైపు ఉంటుంది. గేరు కూడా కాలమ్ మీదే. పార్కులో వేస్తే గాని తాళంచెవి బయటికి రాదు. చెవి తీశాక స్టీరింగు బిగుసుకుంటుంది, గేరు కదలదు. ఇంత బందోబస్తు ఉన్న బండిని తాళం లేకుండా నడిపించాలంటే ఇగ్నిషన్ స్విచ్చికి పక్కదారి వేయాలి.

ఆ పక్కదారి మనవాళ్లకు కొత్తది కాదు. బావి దగ్గర, బోరు దగ్గర మోటారు స్టార్టరు డబ్బాలో ఉన్నదే అది. ఆకుపచ్చ బటను నొక్కుతాం, లోపల ఠక్కుమంటుంది, మోటారు అందుకుంటుంది. వేలు తీసేస్తాం. మోటారు మాత్రం ఆగదు. వేలు తీశాక కాయిలుకు కరెంటు ఎక్కడిది? కాయిలు లాగినప్పుడు మూడు ఫేజుల కాంటాక్టులతోపాటు పక్కనే ఇంకో చిన్న కాంటాక్టు కూడా మూసుకుంటుంది. అది బటనుకు సమాంతరంగా ఉంటుంది. బటను దారి తెగినా ఈ చిన్న కాంటాక్టు గుండా కాయిలు తన కరెంటు తానే తెచ్చుకుంటుంది. తనను తాను పట్టుకుని ఉంటుందన్నమాట. ఎర్ర బటను నొక్కితే ఆ దారి తెగుతుంది, కాయిలు వదిలేస్తుంది, మోటారు ఆగుతుంది. కరెంటు పోయినా అంతే. మళ్లీ కరెంటు వచ్చినా మోటారు తనంతట తాను లేవదు, మనిషి వచ్చి నొక్కాలి.

అది కావాలని పెట్టిన గుణం. మోటారు దగ్గర ఎవరైనా చెయ్యిపెట్టి పనిచేస్తున్నప్పుడు ఉన్నట్టుండి కరెంటొచ్చి తిరగకూడదని పెట్టారు. రాత్రిపూట ఎప్పుడో వచ్చే కరెంటు కోసం పొలానికి పరుగెత్తలేక రైతులు దాని మీద ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. వాళ్ల కష్టం అలాంటిది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పాల్సి వచ్చింది. కరెంటు రాగానే మోటార్లన్నీ లేచి, అక్కర ఉన్నా లేకున్నా నీళ్లు తోడేస్తుంటే భూమిలో ఏం మిగులుతుంది?

ఇప్పుడు మళ్లీ కారులోకి వద్దాం. కాంటాక్టరు బదులు ఇక్కడ రిలే. అగ్గిపెట్టెలో సగమంత నల్లటి డబ్బా. అడుగున కాళ్ల పక్కన అంకెలు రాసి ఉంటాయి: 30, 85, 86, 87, 87ఎ. మన ఊళ్లో ఆటో ఎలక్ట్రికల్ దుకాణంలో కొన్నా అవే అంకెలు. 85కూ 86కూ మధ్య సన్నని రాగి తీగ చుట్టిన కాయిలు. దానికి ఆంపియరులో అయిదో వంతు కూడా పట్టదు. ఆ కాస్త కరెంటు లాగే ఇనుప నాలుక మాత్రం ముప్పై నలభై ఆంపియర్లను మోస్తుంది. చేతిలో పట్టుకుని 12 వోల్టులు ఇస్తే ఆ నాలుక కొట్టుకున్న దెబ్బ వేళ్లకు తెలుస్తుంది.

బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా ఒక లావు తీగ 30కి. 87 నుంచి ఇగ్నిషన్ స్విచ్చి అవతలి వైపు, తాళం రన్‌లో ఉన్నప్పుడు కరెంటుండే తీగకు. డ్యాష్‌బోర్డు కింద, తెలిసినవాడికి తప్ప కనపడని చోట ఒక బటను. ఆ బటనుకు కరెంటు రన్ తీగ నుంచే రావాలి, లేకపోతే తాళం లేకుండానే ఎవడైనా నొక్కి బండిని మేల్కొల్పుతాడు. పోలీసు పార్కులో వేసి, ఇంజను నడుస్తుండగా ఆ బటను నొక్కుతాడు. రిలే లాగుతుంది, మోటారు స్టార్టరులో లాగే బటనుకు సమాంతరంగా పెట్టిన వేరే కాంటాక్టు గుండా తనను తాను పట్టుకుంటుంది. అప్పుడు తాళం తిప్పి చెవి తీసేస్తాడు. స్విచ్చి దారి తెగింది, రిలే దారి అప్పటికే కలిసి ఉంది. ఇంజను ఒక్క దెబ్బ కూడా తప్పదు.

కాగితం మీద ఇంతే. పని చేసేటప్పుడు చిక్కులొస్తాయి. ఆ స్విచ్చి నుంచి బయటికొచ్చే తీగ ఒకటి కాదు. ఇంజను కంప్యూటరుకు ఒకటి, మీటర్లకు ఒకటి, ఏసీ ఫ్యానుకు ఒకటి, ఇలా వేర్వేరు. తొందరపడి అన్నిటినీ ఒక్కచోట కలిపి ముడేస్తే ఒకదాని కరెంటు ఇంకోదాంట్లోకి ఎదురు పారుతుంది, ఆగాల్సినవి ఆగవు. ఏయే తీగలు కావాలో అన్నిటికీ విడివిడిగా కాంటాక్టులు పెట్టాలి. సెల్ఫ్ తీగ జోలికి మాత్రం పోకూడదు. నడుస్తున్న ఇంజనుకు సెల్ఫ్ తగిలితే పళ్లు రాలతాయి.

ఇక ఎర్ర బటను. మోటారుకు ఎర్ర బటను మనకోసం. ఇక్కడ ఎర్ర బటను దొంగ చేత నొక్కించాలి, అదీ వాడికి తెలియకుండా. దానికి బ్రేకు పెడలును ఎంచుకున్నవాడికి నేను దణ్ణం పెడతాను. స్టీరింగు, గేరు బిగింపులను దొంగ విరగ్గొట్టినా, ఆటోమేటిక్ గేరు బండిని పార్కులోంచి తీయాలంటే ఎవడైనా ముందు బ్రేకు మీద కాలు పెట్టాల్సిందే. కాలు పెట్టగానే రిలే దారి తెగుతుంది, తాళం లేదు కాబట్టి ఇంజను చస్తుంది. అసలు మనిషి వచ్చినప్పుడు ముందు తాళంచెవి పెట్టి రన్ దాకా తిప్పుతాడు, ఆ తర్వాత బ్రేకు నొక్కుతాడు. అప్పుడూ రిలే వదిలేస్తుంది, అయితే బండి మళ్లీ తాళం మీద నడుస్తూ ఉంటుంది. ఒకే పెడలు, ఇద్దరు మనుషులు, రెండు ఫలితాలు. వెనక సీట్లో బేడీలతో కూర్చోబెట్టిన మనిషి ముందు సీట్లోకి జారి పోలీసు కారుతోనే పారిపోయిన సంఘటనలు అమెరికాలో మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. ఆ కారు వెళ్లి ఎవరిని గుద్దుతుందో తెలియదు. కాబట్టి ఈ చిన్న రిలే కాపాడేది ప్రభుత్వ ఆస్తిని ఒక్కదాన్నే కాదు.

ఇక్కడే చౌక పనికీ మంచి పనికీ తేడా వస్తుంది. చాలామంది ఏం చేస్తారంటే, బ్రేకు దీపానికి వెళ్లే తీగకు ఇంకో రిలే కలుపుతారు. బ్రేకు నొక్కితే ఆ తీగలోకి కరెంటొస్తుంది, రెండో రిలే లాగుతుంది, మొదటి రిలే కాయిలు దారిని తెంపుతుంది. పరీక్షించి చూస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆర్నెల్ల తర్వాత బ్రేకు దీపాల ఫ్యూజు కాలిపోయిందనుకోండి. బ్రేకు నొక్కినా ఆ తీగలో కరెంటు రాదు, రెండో రిలే కదలదు. ఇంజను ఆగదు. కాపలా ఎప్పుడో పోయింది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. బోరు మోటారు ఎర్ర బటనులో ఈ లోపం లేదు. అది మామూలుగా మూసుకుని ఉండే బటను, కాయిలు కరెంటు దాని గుండానే పోతుంది. తీగ తెగినా, స్క్రూ వదులయినా మోటారు ఆగిపోతుంది. రైతు తిట్టుకుంటూ వచ్చి బాగు చేయించుకుంటాడు. చెడిపోతే ఆగేలా చెడిపోవాలి. పోలీసు కారులోనూ అలాగే చేయొచ్చు. పెడలు దగ్గర, నొక్కనప్పుడు మూసుకుని ఉండి నొక్కితే తెరుచుకునే స్విచ్చి ఒకటి బిగించి, రిలే కాయిలు కరెంటును దాని గుండా పంపితే చాలు. తీగ తెగితే ఇంజను నడుస్తూ ఉండిపోదు, ఆగిపోతుంది. స్విచ్చికి పెట్టే ఆ కాస్త డబ్బు దగ్గర కక్కుర్తి పడటం నాకు ఏనాటికీ అర్థం కాదు.

తాళం తీశాక కూడా కరెంటుతో ఉండే తీగను ఎంత జాగ్రత్తగా చూడాలో చెప్పడానికి ఇదే ఫోర్డు కార్ల కథ ఒకటుంది. బండిని ఒకే వేగంలో పట్టి ఉంచే క్రూజ్ కంట్రోలును ఆపడానికి బ్రేకు మాస్టరు సిలిండరు దగ్గర ఒక స్విచ్చి పెట్టారు. ఒకవైపు బ్రేకు ఆయిలు, ఇంకోవైపు కరెంటు, మధ్యలో సన్నని పొర. బండి ఆపి తాళం తీసి ఇంట్లో పడుకున్నా ఆ స్విచ్చిలో కరెంటు ఉంటుంది. ఏళ్లు గడిచి పొర చిరిగితే ఆయిలు కరెంటు వైపు చేరేది, నిప్పంటుకునేది. ఇళ్ల ముందు, గ్యారేజీల్లో ఆపి ఉంచిన కార్లు కాలిపోయాయి. 1999లో మొదటిసారి వెనక్కి పిలిచినవాటిలో 1992, 1993 మోడల్ క్రౌన్ విక్టోరియాలూ ఉన్నాయి. 2009 వచ్చేసరికి ఆ ఒక్క స్విచ్చి కోసం ఫోర్డు వెనక్కి పిలిచిన బళ్లు మొత్తం కోటీ నలభై లక్షల దాకా తేలాయి. ఆ తీగకు తాళంతో సంబంధం పెట్టి ఉంటే, తాళం తీసిన బండిలో రాత్రిపూట ఆ స్విచ్చికి నిప్పు పుట్టే దారే ఉండేది కాదు.

వైర్లు లాగేటప్పుడు పొడిచే బెజ్జాల సంగతీ చెప్పాలి. 2017 జులైలో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగర పోలీసులు దాదాపు 400 ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ కార్లను రోడ్డు మీంచి తీసేశారు. లోపలికి కార్బన్ మోనాక్సైడ్ వస్తోందని, పోలీసులకు తల తిరుగుతోందని ఫిర్యాదులు. దీపాలూ రేడియోలూ బిగించేటప్పుడు వెనక భాగంలో పొడిచిన బెజ్జాలను సరిగ్గా మూయకపోవడం దీనికి ఒక కారణమని ఫోర్డు చెప్పింది. గంటల తరబడి నిలబడి ఇంజను నడిపే కారులో రంగూ వాసనా లేని ఆ వాయువు లోపలికి రావడానికి వేలు పట్టేంత బెజ్జం చాలు. వైరు దూర్చాక రబ్బరు బుష్ పెట్టడం, సీలెంటు పూయడం కూడా వైరింగులో భాగమే.

చట్టం సంగతి చూస్తే, మన మోటారు వాహనాల చట్టం 1988లో 126వ సెక్షను ఉంది. బహిరంగ స్థలంలో బండి నిలిపినప్పుడు డ్రైవరు సీట్లో లైసెన్సున్న మనిషన్నా ఉండాలి, లేదా ఇంజను ఆపి బ్రేకు వేసి ఉండాలి, లేదంటే బండి తనంతట తాను కదలకుండా ఇంకేదైనా ఏర్పాటు చేయాలి. అమెరికాలో కూడా చాలా రాష్ట్రాల్లో ఇంజను నడుస్తుండగా బండి వదిలి వెళ్లడం నేరం. 2017లో మిషిగన్ రాష్ట్రం రోజ్‌విల్‌లో ఒకాయన చలికి కారు వేడెక్కాలని సొంత ఇంటి ముంగిట్లోనే స్టార్టు చేసి వదిలితే పోలీసులు జరిమానా రాశారు. పెద్ద గోల జరిగి, అదే ఏడాది సొంత స్థలంలో అయితే తప్పులేదని చట్టం మార్చారు.

ఇప్పుడు ఈ పని కంపెనీలే చేసి ఇస్తున్నాయి. ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ పోలీసు కారుకు తాళం లేకుండా ఇంజను నడిపే ఏర్పాటు ఫ్యాక్టరీ నుంచే తీసుకోవచ్చు. రిలే డబ్బా బదులు సాఫ్ట్‌వేరు చూసుకుంటుంది. 2020 మోడల్ హైబ్రిడ్ వచ్చాక పాత ప్రశ్నే కొంత తగ్గింది. పెద్ద బ్యాటరీ దీపాలనూ రేడియోనూ మోస్తుంది, చార్జి తగ్గినప్పుడు మాత్రం ఇంజను లేచి నింపి మళ్లీ పడుకుంటుంది. నిలబడి మండే పెట్రోలు మిగలడం సంతోషమే.

పాత క్రౌన్ విక్టోరియాలు ఇంకా వేలంలో అమ్ముడుపోతూనే ఉన్నాయి. మన పిల్లలు అక్కడ చదువుకుంటూనో, ఉద్యోగం చేస్తూనో చౌకగా వస్తోందని అలాంటి బండి కొనొచ్చు. కొన్నవాళ్లకు నాదొక మాట. అమ్మేముందు దీపాలూ రేడియోలూ పీకేస్తారు, వైర్లు ఎక్కడివక్కడ కోసి వదిలేస్తారు. స్టీరింగు కింద మూత విప్పించి చూడండి. ఎక్కడికీ పోని తీగ కనిపిస్తే బ్యాటరీ వైపు కొసను వెతికి అక్కడే తీయించండి, కొసకు టేపు చుట్టి వదలొద్దు. దాచిపెట్టిన బటను దొరికితే, ఇంజను నడుస్తుండగా పార్కులో, పార్కింగ్ బ్రేకు వేసి, ఆరుబయట దాన్ని నొక్కండి. తాళంచెవి తీసి చేత్తో పట్టుకుని బ్రేకు మీద కాలు పెట్టండి. ఇంజను టక్కున ఆగిపోవాలి. ఆగకపోతే ఆ రోజే మంచి ఎలక్ట్రీషియను దగ్గరికి తీసుకెళ్లి ఆ రిలేను విప్పించేయండి.